దేశం మారుతున్నారా, కారు సంగతి సరే, ముందు ఇన్సూరెన్స్ లెటర్ సంగతి చూడండి

వేరే దేశానికి షిఫ్ట్ అవుతున్నాం అనగానే చాలామంది మొదట అడిగేది కారు కూడా తీసుకెళ్ళొచ్చా అని. చాలా దేశాలకి తీసుకెళ్ళొచ్చు, రూల్స్ ఒప్పుకుంటాయి, కానీ షిప్పింగు, టాక్సు, మార్పులు అన్నీ కలిపి లెక్కేసేసరికి ఖర్చు తడిసి మోపెడవుతుంది, మామూలు కారుకి అది గిట్టుబాటు కాదనేది నా అభిప్రాయం. విచిత్రం ఏంటంటే ఇన్నేళ్ళు ఇన్సూరెన్స్ క్లెయిమ్ లేకుండా నడిపిన రికార్డు, ప్రీమియంలో డిస్కౌంట్ తెచ్చిపెట్టేది, ఏమవుతుంది అని మాత్రం ఎవరూ అడగరు. దాన్ని తీసుకెళ్ళడానికి షిప్పు అక్కర్లేదు, డ్యూటీ లేదు, ఒక పీడీఎఫ్ చాలు. అది అడక్కుండా విమానం ఎక్కేసి అక్కడ నిన్న లైసెన్స్ వచ్చిన కుర్రాళ్ళతో సమానంగా ప్రీమియం కడుతుంటారు.

సరే, కారు గురించే ముందు చెప్తాను, ఎందుకంటే అది వద్దనుకోవాలన్నా కారణాలు తెలియాలి కదా.

అందరూ షిప్పింగ్ కొటేషన్‌తో మొదలుపెడతారు. అది ఆఖర్న చూడాల్సింది. మొదట చూడాల్సింది ఆ దేశం అసలు మీ కారుని రానిస్తుందా అని. అమెరికా సంగతి తీసుకోండి, వాళ్ళ సేఫ్టీ ప్రమాణాల ప్రకారం తయారు కాని కారైతే 25 ఏళ్ళు నిండేదాకా మామూలు దారిలో రానివ్వరు, కెనడాలో ఇదే 15 ఏళ్ళు. సింగపూర్‌లో మూడేళ్ళు దాటిన పాత కారుని రిజిస్టర్ చెయ్యరు. ఆస్ట్రేలియాకైతే కారు షిప్పు ఎక్కకముందే ఇంపోర్ట్ అప్రూవల్ చేతిలో ఉండాలి, అది లేకుండా కారు పోర్టులో దిగితే ముందు నుయ్యి వెనక గొయ్యి, తిరిగి పంపడమో నాశనం చేయించడమో మీ ఖర్చుతోనే. పైగా అక్కడ 2003 చివరి నుంచి ఆస్బెస్టాస్ పూర్తిగా నిషేధం, పాత కార్లలో బ్రేక్ ప్యాడ్లలోనో గాస్కెట్లలోనో అది ఉంటే దొరికిపోతారు, టైర్ల మధ్య మట్టి, సీటు కింద ఎండుటాకులు ఉన్నా క్లీనింగ్ పేరుతో ఇంకో బిల్లు.

మీ కారు ఏ ప్రమాణాలకి తయారైందో తెలుసుకోడానికి పెద్ద రీసెర్చ్ అక్కర్లేదు. డ్రైవర్ డోర్ తెరిచి డోర్ ఫ్రేమ్ మీద చూడండి, అమెరికా మార్కెట్ కారైతే ఒక స్టిక్కర్ ఉంటుంది, తయారీ నెల సంవత్సరం, ఛాసిస్ నంబర్, వాళ్ళ ఫెడరల్ సేఫ్టీ ప్రమాణాలకి లోబడి ఉంది అన్న ఒక వాక్యం. కెనడాకి తీసుకెళ్ళేవాళ్ళకి ఈ స్టిక్కరే సగం పని చేసి పెడుతుంది, మిగతా సగం రీకాల్స్, అంటే లోపం సరిచెయ్యడానికి కంపెనీ వెనక్కి పిలిచినవి, ఏవీ పెండింగ్ లేవని తయారీ కంపెనీ నుంచి వచ్చే లెటర్. యూరప్ కార్లకి ఈ స్టిక్కర్ బదులు సర్టిఫికేట్ ఆఫ్ కన్ఫర్మిటీ అని ఒక కాగితం ఉంటుంది, కారు కొన్నప్పుడు ఇచ్చి ఉంటారు, పోయి ఉంటే కంపెనీకి డబ్బు కట్టి మళ్ళీ తెప్పించుకోవచ్చు. ఇది లేకపోతే ఒక్కో కారుని విడిగా టెస్ట్ చేసే పద్ధతిలో వెళ్ళాలి, జర్మనీలో అయినా బ్రిటన్‌లో అయినా దానికి టైమూ డబ్బూ రెండూ ఎక్కువే.

రెండోది టాక్సు. మంచి విషయం ఏంటంటే ఇల్లు మారుతున్నవాళ్ళకి చాలా దేశాలు మినహాయింపు ఇస్తాయి. బ్రిటన్‌లో దీన్ని ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ రిలీఫ్ అంటారు, యూరోపియన్ యూనియన్‌కి బయటి నుంచి వచ్చేవాళ్ళకి కూడా దాదాపు ఇలాంటిదే ఉంది. షరతులు కూడా ఒకే మోస్తరు, కనీసం 12 నెలలు బయటి దేశంలో ఉండి ఉండాలి, కారు కనీసం 6 నెలలు మీ దగ్గర ఉండి మీరు వాడి ఉండాలి, తెచ్చాక 12 నెలల పాటు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఎవరికీ వాడుకోమని ఇవ్వకూడదు. కాబట్టి ఎలాగూ వెళ్తున్నాం కదా ఇక్కడ చవగ్గా కొత్త కారు కొని పట్టుకెళ్దాం అనే ప్లాన్ ఇక్కడే దెబ్బతింటుంది. యూరోపియన్ యూనియన్ లోపల ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్ళినా ఇదే కథ, కారుకి 6 నెలలు నిండకపోయినా, 6,000 కిలోమీటర్లు తిరగకపోయినా, రెంటిలో ఏదో ఒకటి చాలు, దాన్ని కొత్త కారు కింద లెక్కేసి కొత్త దేశంలో వ్యాట్ కట్టమంటారు.

6 నెలలు వాడాను అని నిరూపించేది ఎలా? ఆర్‌సీతో పాటు సర్వీస్ బిల్లులు, ఇన్సూరెన్స్ పాలసీ కాపీలు. అంటే ఇన్సూరెన్స్ కాగితాలు డిస్కౌంట్‌కే పనికొస్తాయనుకోకండి, కస్టమ్స్ దగ్గర కూడా అవే సాక్ష్యం. బ్రిటన్‌కి వెళ్ళేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి, కారు దిగిన 14 రోజుల్లో అక్కడి టాక్స్ ఆఫీసుకి తెలియజెయ్యాలి, నోవా అంటారు దాన్ని, అది అవ్వకపోతే రిజిస్ట్రేషన్ ముందుకి కదలదు.

మూడోది కారు ఒంట్లో చెయ్యాల్సిన మార్పులు. స్టీరింగ్ ఎటువైపు ఉందనేది అందరికీ తడుతుంది, హెడ్‌లైట్ల సంగతి తట్టదు. లో బీమ్ వెలుగు రెండువైపులా సమానంగా పడదు, రోడ్డు అంచు వైపు కొంచెం పైకి లేచి ఉంటుంది, రోడ్డుకి ఎడమ పక్క నడిపే దేశం నుంచి కుడి పక్క నడిపే దేశానికి వెళ్తే ఆ లేచిన వెలుగు సరాసరి ఎదురొచ్చేవాడి కళ్ళలో కొడుతుంది. కొన్ని కార్లలో సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది, కొన్నిటికి మొత్తం ల్యాంపులే మార్చాలి, ఎల్ఈడీ ల్యాంపుల ధర ఒకసారి కనుక్కుంటే తీసుకెళ్ళాలన్న ఉత్సాహం సగం తగ్గిపోతుంది. వెనక ఫాగ్ ల్యాంప్ ఏ వైపు ఉండాలో రూలు, స్పీడోమీటర్ మైళ్ళలో చూపించాలా కిలోమీటర్లలోనా, అమెరికా కార్లలో వెనక ఇండికేటర్ ఎర్రగా ఉంటే యూరప్‌లో నారింజ రంగుకి మార్చడం, ఇలా చిన్న చిన్నవి చాలా ఉన్నాయి. జపాన్ నుంచి కారు తెచ్చుకున్నవాళ్ళకైతే రేడియో కూడా పనికిరాదు, అక్కడి ఎఫ్ఎం 76 మెగాహెర్ట్జ్ నుంచి మొదలై తొంభైల మధ్యలో ఆగిపోతుంది, మిగతా ప్రపంచం స్టేషన్లు చాలావరకు ఆ పైనే ఉంటాయి. ఇది నవ్వుకునే సమస్యే అనుకోండి. ఎలక్ట్రిక్ కారైతే నవ్వలేం, అమెరికా చార్జింగ్ పోర్టు వేరు, యూరప్‌ది వేరు, జపాన్‌ది వేరు, కంపెనీ యాప్ కూడా ఒక రీజియన్ కారుని ఇంకో రీజియన్లో గుర్తుపట్టకపోవచ్చు.

నాలుగోది, షిప్పింగ్ కంటే ముందే చెయ్యాల్సింది, కొత్త దేశంలో ఇన్సూరెన్స్ కంపెనీకో బ్రోకర్‌కో ఫోన్ చేసి ఈ మోడల్, ఈ స్టీరింగ్ వైపు, ఈ స్పెసిఫికేషన్ కారుని మీరు తీసుకుంటారా, ఎంతవుతుంది అని అడగడం. ఆ దేశంలో అమ్మని మోడల్ అయితే చాలా కంపెనీలు కొటేషనే ఇవ్వవు, ఇచ్చినా స్పెషలిస్ట్ పాలసీ అంటారు, పార్టులు దొరకవు కాబట్టి. ఈ ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది చాలామందికి, కారు ఇక్కడే అమ్మేద్దాం అని.

ఇవన్నీ దాటినా తీసుకెళ్ళాలనే అనుకుంటే అప్పుడు షిప్పింగ్. రెండు రకాలు, కారుని నడుపుకుంటూ షిప్పులోకి ఎక్కించే రోరో, లేదా కంటైనర్. రోరో సాధారణంగా చవక, కానీ కారులో సామాన్లు పెట్టనివ్వరు చాలాచోట్ల, పెట్టినా వాటికి గ్యారంటీ లేదు. పెట్రోల్ పావు ట్యాంకు కంటే తక్కువ ఉంచమంటారు, ఎలక్ట్రిక్ కారుకి బ్యాటరీ చార్జ్ ఇంతకి మించకూడదని షిప్పింగ్ లైన్ షరతు పెడుతుంది. కారు మీద లోన్ ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ లేకుండా ఎగుమతి కుదరదు. అమెరికా నుంచి బయటికి పంపేటప్పుడు టైటిల్, అంటే కారు మీదే అని చెప్పే కాగితం, కనీసం 72 గంటల ముందు కస్టమ్స్‌కి చేరాలి.

మీ మామూలు కారు ఇన్సూరెన్స్ సముద్రం మీద పనిచెయ్యదు, మెరైన్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి. తీసుకునేటప్పుడు టోటల్ లాస్ మాత్రమేనా, గీతలూ సొట్టలూ కూడా కవర్ అవుతాయా చూడండి, చవకగా ఉండేది ఎప్పుడూ మొదటిదే. జనరల్ యావరేజ్ కవర్ ఉందా అని కూడా అడగండి. అంటే షిప్పుకి ప్రమాదం వచ్చి మొత్తాన్ని కాపాడటానికి ఖర్చు పెడితే ఆ ఖర్చు అందులో సరుకు ఉన్న ప్రతివాళ్ళూ పంచుకోవాలి, మీ కారు చెక్కుచెదరకపోయినా సరే, మీ వాటాకి హామీ ఇచ్చేదాకా సరుకు వదలరు. 2021లో సూయజ్ కాలువకి అడ్డంగా ఇరుక్కున్న ఎవర్ గివెన్ షిప్పు విషయంలో అలాగే ప్రకటించారు. 2022లో ఫెలిసిటీ ఏస్ అనే కార్ల షిప్పు దాదాపు 4,000 కార్లతో అట్లాంటిక్‌లో కాలి మునిగిపోయింది, కాబట్టి మనకేం అవుతుందిలే అనుకోకండి. పోర్టులో కారు అప్పజెప్పే ముందు నాలుగు వైపులా, రూఫు, చక్రాలు, ఓడోమీటర్ అన్నీ తేదీ కనబడేలా ఫోటోలు తీసిపెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

క్లెయిమ్ హిస్టరీ ఒక్కో దేశంలో ఒక్కో రూపంలో ఉంటుంది, ఇబ్బంది అంతా అక్కడే. బ్రిటన్‌లో ఏళ్ళ లెక్క, ఇన్నేళ్ళ నో క్లెయిమ్స్ అని. ఇండియాలో ఎన్‌సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్, శాతాల లెక్క, 20తో మొదలై 25, 35, 45, చివరికి 50 శాతం. ఫ్రాన్స్‌లో ఒక గుణకం, 1.00తో మొదలవుతుంది, తప్పు లేని ప్రతి ఏడాదికీ 5 శాతం తగ్గుతూ 13 ఏళ్ళకి 0.50 దగ్గర ఆగుతుంది, మీ తప్పుతో యాక్సిడెంట్ అయితే 25 శాతం పెరుగుతుంది, పైన 3.50 దాకా పోవచ్చు. జర్మనీలో ఎస్ఎఫ్ క్లాసులు, క్లెయిమ్ లేని ఏళ్ళని బట్టి ఇచ్చేవి. అమెరికాలో అసలు బోనస్ అనే కాగితమే ఉండదు, క్లూ రిపోర్ట్ అని ఏడేళ్ళ క్లెయిమ్స్ ఉండే డేటాబేస్ ఉంది, ఏడాదికి ఒకసారి మీ రిపోర్ట్ మీరు ఫ్రీగా తెప్పించుకోవచ్చు, దాంతో పాటు లైసెన్సులూ రిజిస్ట్రేషన్లూ చూసే రాష్ట్రం ఆఫీసు డీఎంవీ నుంచి డ్రైవింగ్ రికార్డు.

దీనివల్ల ఏమవుతుందంటే, ఎన్‌సీబీ 50 శాతం అని రాసిన కాగితం తీసుకెళ్ళి ఇంకో దేశంలో చూపిస్తే వాళ్ళకి అది దేని 50 శాతమో అర్థం కాదు. వాళ్ళకి కావాల్సింది ఎన్నేళ్ళు ఇన్సూరెన్స్‌లో ఉన్నారు, అందులో ఎన్ని క్లెయిమ్స్, తప్పు ఎవరిది. కాబట్టి పాత కంపెనీ వాళ్ళ రెడీమేడ్ ఫార్మాట్‌లో ఇచ్చే లెటర్ ఒకటి తీసుకుని, దాంతో పాటు ఏళ్ళవారీగా ఇంకో లెటర్ అడగండి. మెయిల్ ఇలా రాయొచ్చు, అవతలి వాళ్ళకి అర్థమయ్యే భాషలో:

"నా పాలసీ నంబర్ ఇది, కారు రిజిస్ట్రేషన్ నంబర్ ఇది. నేను వేరే దేశానికి మారుతున్నాను. మీ లెటర్‌హెడ్ మీద ఈ వివరాలతో ఒక లెటర్ కావాలి: పాస్‌పోర్టులో ఉన్నట్టుగా నా పూర్తి పేరు, పుట్టిన తేదీ, కారు ఛాసిస్ నంబర్, మీ దగ్గర మొదటి పాలసీ మొదలైన తేదీ, ఆఖరిది ముగిసిన తేదీ, మధ్యలో గ్యాప్ ఉందో లేదో, కారు ప్రైవేట్ వాడకానికే అన్న మాట, ప్రతి క్లెయిమ్ తేదీ, తప్పు నాదా కాదా, చెల్లించిన మొత్తం, క్లెయిమ్స్ లేకపోతే లేవని స్పష్టంగా, పాలసీలో పేరున్న ఇతర డ్రైవర్లు, లెటర్ ఇచ్చిన తేదీ, సంతకం, వెరిఫై చేసుకోడానికి మీ ఆఫీస్ మెయిల్."

క్లెయిమ్స్ లేవు అని రాయించడం ముఖ్యం, ఆ కాలమ్ ఖాళీగా వదిలేస్తే కొత్త కంపెనీ దాన్ని సమాచారం లేదు అని చదువుతుంది. వచ్చిన లెటర్ చూసి పడెయ్యకండి, అక్షరం అక్షరం సరిచూడండి. చాలా దేశాల కార్లకి ఛాసిస్ నంబర్‌లో అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉంటాయి, అలాంటి నంబర్లలో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు అస్సలు వాడరు, ఒకటి, సున్నా అంకెలతో కలిసిపోతాయని, కాబట్టి లెటర్‌లో ఓ కనబడితే అది టైపింగ్ తప్పే. పేరు సంగతి మరీ చూడండి, ఇంటిపేరు పాలసీలో ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఈ ఇద్దరూ ఒకరేనా అని అక్కడ కూర్చుని నిరూపించుకోవాల్సి వస్తుంది.

ఎప్పుడు అడగాలి అంటే పాలసీ క్యాన్సిల్ చెయ్యకముందే. క్యాన్సిల్ అయ్యాక పోర్టల్ లాగిన్ పోవచ్చు, మీరు దేశం దాటాక పాత సిమ్ పోతుంది, ఓటీపీ ఆ నంబర్‌కే వెళ్తుంది, ఆఫీస్ మెయిల్ ఐడీ ఇచ్చి ఉంటే అదీ పోతుంది, అప్పుడు కస్టమర్ కేర్ వాళ్ళు మీరు మీరే అని నమ్మడానికి ఏ ఆధారమూ మిగలదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయిదారేళ్ళలో కంపెనీలు మారి ఉంటే ప్రతి కంపెనీ నుంచీ విడిగా లెటర్ కావాలి, ఒకదాని ముగింపు తేదీ ఇంకోదాని మొదలు తేదీతో కలవాలి. యూరోపియన్ యూనియన్‌లో ఉన్నవాళ్ళకి ఇది హక్కు, కనీసం గత అయిదేళ్ళ క్లెయిమ్స్ స్టేట్‌మెంట్ అడిగిన 15 రోజుల్లో ఇవ్వాలి, 2021లో సవరించిన డైరెక్టివ్ (సభ్యదేశాలన్నీ పాటించాల్సిన చట్టం) ప్రకారం ఇంకో సభ్యదేశం నుంచి వచ్చిన స్టేట్‌మెంట్‌ని సొంత దేశం దానితో సమానంగా చూడాలి కూడా. డిస్కౌంట్ ఇచ్చి తీరాలని మాత్రం కాదు, ఇచ్చే పద్ధతి ఉంటే అందరికీ ఒకేలా ఇవ్వాలని.

కంపెనీ కారు నడిపినవాళ్ళకి సొంత హిస్టరీ ఉండదు, ఉద్యోగం మానేసే ముందే ఆఫీస్‌లో ఫ్లీట్, అంటే కంపెనీ కార్లు, చూసేవాళ్ళని పట్టుకుని ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈయన ఒక్కడే ఈ కారు వాడాడు, క్లెయిమ్స్ ఇన్ని అని రాయించుకోండి. భార్యాభర్తల్లో పాలసీ ఒకరి పేరు మీదే ఉండి రెండోవాళ్ళు నేమ్డ్ డ్రైవర్‌గా, అంటే పాలసీలో పేరు మాత్రం ఉన్న డ్రైవర్‌గా, ఉంటే, చాలా దేశాల్లో బోనస్ పాలసీ హోల్డర్‌దే, రెండోవాళ్ళకి ఏమీ రాదు. అయినా లెటర్‌లో వాళ్ళ పేరు కూడా పెట్టించండి, అనుభవం కింద లెక్కేసే కంపెనీలు కొన్ని ఉంటాయి.

డ్రైవింగ్ లైసెన్స్‌ది ఇంకో తిరకాసు. కొన్ని దేశాలు వాళ్ళ లైసెన్స్ ఇచ్చేటప్పుడు మీ పాత కార్డు వెనక్కి తీసేసుకుంటాయి, కొత్త కార్డు మీద నిన్నటి తేదీ ఉంటుంది, ఇరవై ఏళ్ళ అనుభవం కాగితం మీద మాయమవుతుంది. అందుకని ఇచ్చేముందు రెండు వైపులా స్కాన్ తీసుకోండి, వీలైతే లైసెన్స్ ఇచ్చిన ఆఫీస్ నుంచి మొదట ఇచ్చిన తేదీ, చలాన్లు, సస్పెన్షన్లు ఏవీ లేవన్న ఎక్స్‌ట్రాక్ట్ కూడా తీసుకోండి.

కొత్త దేశంలో ఆన్‌లైన్ పోలిక సైట్లలో ఫారిన్ నో క్లెయిమ్స్ అనే ఆప్షన్ తరచుగా ఉండదు, అక్కడ ఏదో ఒకటి నొక్కేసి తర్వాత చూద్దాం అనుకోకండి, తప్పు సమాచారం అని యాక్సిడెంట్ అయ్యాక పాలసీనే రద్దు చెయ్యొచ్చు. ఫోన్ చెయ్యండి, లేదా బ్రోకర్‌ని పట్టుకోండి. అడగాల్సినవి: నా దేశం నుంచి హిస్టరీ ఒప్పుకుంటారా, గరిష్టంగా ఎన్నేళ్ళు, పాలసీ ముగిసి ఎంతకాలం దాటితే చెల్లదు, అనువాదం ఎవరు చేసింది కావాలి. బ్రిటన్‌లో సాధారణంగా రెండేళ్ళు దాటితే చెల్లదంటారు. ఒకరు కాదంటే అయిపోలేదు, ఇది ఒక్కో కంపెనీ పాలసీ, ఇంకొకరు పూర్తిగా ఒప్పుకోవచ్చు. ఇక్కడా అక్కడా ఒకే బ్రాండ్ కదా వాళ్ళకే తెలుస్తుందిలే అనుకోవద్దు, పేరు ఒకటే అయినా ఒక దేశం కంపెనీ డేటా ఇంకో దేశం కంపెనీకి దానంతట అది వెళ్ళదు. మీ క్లెయిమ్స్‌ని కూడా దాచకండి, మీ తప్పు లేనిది అయినా, అద్దం పగిలినది అయినా అడిగితే చెప్పండి.

లెటర్ రావడం ఆలస్యమైతే ముందు పూర్తి ప్రీమియంతో మొదలుపెట్టి, లెటర్ వచ్చాక సరిచేసి తేడా వెనక్కిస్తారా అని రాతపూర్వకంగా అడగండి, నోటిమాటగా ఫోన్లో సరే అన్నది రేపు ఎవరికీ గుర్తుండదు.

పాత పాలసీ ఎప్పుడు ఆపాలి అనేదాంట్లో తొందరపడకండి. కారు తీసుకెళ్తుంటే అది పోర్టులో చేతులు మారేదాకా పాలసీ బతికి ఉండాలి. అటువైపు దిగాక పోర్టు నుంచి ఇంటికి నడపాలంటే పాత నంబర్ ప్లేటు చెల్లకపోవచ్చు, పాత ఇన్సూరెన్స్ అంతకంటే చెల్లదు, జర్మనీలో అయిదు రోజుల తాత్కాలిక ప్లేట్లలాంటివి ఉంటాయి, కొన్ని దేశాల్లో ఛాసిస్ నంబర్ మీదే ఇన్సూరెన్స్ ఇస్తారు, రెండూ కుదరకపోతే ట్రక్కు మీద తెప్పించుకోవడమే. యూరప్‌లో గ్రీన్ కార్డ్ ఉంది కదా అంటారు, అది వేరే దేశంలో తాత్కాలికంగా తిరిగేటప్పుడు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కి రుజువుగా పనికొచ్చే కాగితం, స్థిరపడ్డాక దాని మీద బండి నడపడం కుదరదు.

క్యాన్సిల్ చేసేటప్పుడు మిగిలిన నెలల ప్రీమియం అడిగి వెనక్కి తీసుకోండి, రోడ్ టాక్స్ కూడా కొన్నిచోట్ల వస్తుంది, బ్రిటన్‌లో శాశ్వతంగా ఎగుమతి చేశామని తెలియజేస్తే మిగిలిన పూర్తి నెలలకి ఇస్తారు. డబ్బు వేసే బ్యాంకు ఖాతా అప్పటికి మూసెయ్యకుండా చూసుకోండి.